నాన్న ఖాతా పుస్తకం, అక్క ఎత్తిన బరువులు, నేను వేసుకున్న పుస్తకం

"ఆటల వల్ల నిజంగా దేశభక్తి పెరుగుతుందా, లేక మ్యాచ్ ఉన్నంతసేపేనా? మీ అనుభవం చెప్పండి" అని అడిగారు.

పెరుగుతుంది. మా ఇంట్లో పెరిగింది, కళ్లారా చూశాను. అయితే మా ఇంట్లో దాన్ని పెంచింది క్రికెట్ కాదు, వెయిట్‌లిఫ్టింగ్.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. రైల్లో వచ్చేవాళ్లకు ఆ స్టేషన్ శ్రీకాకుళం రోడ్ అన్న పేరుతో తెలుస్తుంది. నాన్న హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. అక్క వెయిట్‌లిఫ్టర్. మా చుట్టుపక్కల ఇది వింత కాదు. కరణం మల్లీశ్వరి పుట్టిన ఊసవానిపేట మాకు దగ్గరే. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర శిక్షణ తీసుకున్న ఆ అమ్మాయి 1994, 1995ల్లో ప్రపంచ చాంపియన్ అయ్యాక, మా వైపు ఆడపిల్లలు బార్ పట్టుకుంటామంటే ఇంట్లో కాదనడం తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం అనను. అక్క అరచేతులు కాయలు కాసిపోయాయని, రేపు పెళ్లిచూపుల్లో ఏం చెప్పాలని అమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె రాసేది. పొద్దున్నే అక్క మళ్లీ సుద్దపొడి రాసుకుని బార్ దగ్గరికి వెళ్లిపోయేది.

నాన్న దగ్గర ఒక ఖాతా పుస్తకం ఉండేది. కిరాణా కొట్లో వాడే పొడుగాటి, ఎర్ర అట్ట పుస్తకం. తన దగ్గర నేర్చుకునే ప్రతి పిల్ల పేరూ అందులో ఉండేది. ఒంటి బరువు, స్నాచ్, జెర్క్ అని గళ్లు గీసేవాడు. బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తల పైకి లేపితే స్నాచ్, ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి లేపితే క్లీన్ అండ్ జెర్క్. చివరి గడిలో ఆ రోజు ఏం తిన్నదో రాసేవాడు. చోడి అంబలి, చద్దన్నం, ఒక గుడ్డు. "గుడ్డు లేదు" అన్న మాట ఆ పుస్తకంలో ఎన్ని పేజీల్లో ఉందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్ల ఎత్తలేకపోయిన బరువును కొట్టెయ్యడు, చుట్టూ సున్నా చుడతాడు.

2000 సెప్టెంబరు 19 నాకు బాగా గుర్తు. సిడ్నీలో 69 కేజీల విభాగం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ సిడ్నీలో మన దేశానికి వచ్చిన ఒకే ఒక్క పతకం కూడా అదే. మా వీధి వీధంతా మా టీవీ ముందే ఉంది. అరుపులు, ఈలలు. అంతలో ఒక పెద్దాయన, "కంచేనేటి? ఇంకో రెండు కేజీలు ఎత్తలేకపోయిందేటి?" అన్నాడు.

నాన్న అంత కోపంగా మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. ఖాతా పుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. "బాబూ, బంగారానికీ 242.5, వెండికీ 242.5. ఈ పిల్లది 240. మధ్యలో ఉన్నది రెండున్నర కేజీలు. కంచు చేతిలో పడ్డాక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఆఖరి ఎత్తుకి 137.5 పెట్టించుకుని బంగారం కోసమే దిగింది. అది లేవలేదు. నీకు లేవలేదన్నదే కనిపిస్తోంది, నాకు దిగిందన్నది కనిపిస్తోంది" అన్నాడు. తర్వాత అక్క లెక్కలున్న పేజీలోనే, ఆమె పేరు కింది వరుసలో, మల్లీశ్వరి పేరు రాసి 110, 130 వేశాడు. పక్కన 137.5 వేసి సున్నా చుట్టాడు. అక్క ఆ పేజీ చూసి, సాయంత్రం ప్రాక్టీస్‌కి అందరికంటే ముందు వెళ్లింది.

దేశభక్తి గురించి నాకు తెలిసిందంతా ఆ పేజీలో ఉంది. ఎదుటి దేశాన్ని తిట్టడం అందులో లేదు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి, వెండి గెలిచిన హంగరీ అమ్మాయి ఎంతెంత ఎత్తారో నాన్నకు నోటికి వచ్చు, వాళ్ల గురించి గౌరవంగానే చెప్పేవాడు. మన పిల్లకు పొద్దున్నే గుడ్డు దొరికిందా లేదా అని రాసిపెట్టుకునే మనిషికి దేశం మీద ఉన్న ప్రేమ, ఏడాదికి నాలుగు మ్యాచ్‌లకు ముఖానికి రంగులు పూసుకునేవాళ్లకు ఉండదు. నేను క్రికెట్‌కు శత్రువును కాను. 1932లో లార్డ్స్‌లో మన దేశపు తొలి టెస్టుకు కెప్టెన్‌గా దిగిన సి.కె.నాయుడు తెలుగు కుటుంబంలో పుట్టినవాడని గర్వంగా చెప్పుకుంటాను. కానీ అదొక్కటే ఆట అన్నట్టు పత్రికల్లో పేజీలు నింపుతుంటే ఒళ్లు మండుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఫుట్‌బాల్ బంగారం తెచ్చిన జట్టుకు కోచ్ మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ మాట మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లల్ని అడిగి చూడండి.

ఇక్కడే నా అసలు బాధ చెప్పాలి. ఆ ఖాతా పుస్తకం ఆధారంగా మా వైపు ఆడపిల్లల మీద నేనొక పుస్తకం రాశాను. ఒక పేరున్న ప్రచురణకర్త దగ్గరికి తీసుకెళ్లాను. రెండు పేజీలు తిప్పి, "బరువులెత్తే ఆడపిల్లల గురించి ఎవరు కొంటారండీ? ఇదే సరుకుని వ్యక్తిత్వ వికాసం కింద మార్చండి, ప్రతి అధ్యాయం చివర విజయ సూత్రాలు పెట్టండి" అన్నాడు. ఇంకొకాయన సగం ఖర్చు నన్నే పెట్టుకోమన్నాడు. గుడ్డు లేని రోజుల నుంచి ఏ విజయ సూత్రం తియ్యమంటారు? నేను తియ్యలేదు.

సొంతంగా వేసుకున్నాను. తెలుగులో సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్లకు ఈ యాతన తెలుసు. డీటీపీ అంతా అను అనే పాత తరహా ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చేసరికి వత్తులు చెదిరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి ప్రూఫులు దిద్దాలి. అంకెల పుస్తకం కదా, 62.5లో చుక్క ఎగిరిపోతే 625 అవుతుంది. అమ్మకానికి ఇస్తే ధరలో సగానికి దగ్గరగా కమీషన్‌కే పోతుంది, మిగిలింది ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లుండరు. ఆవిష్కరణ సభలో వక్తలు పుస్తకం తెరవకుండానే అరగంట మాట్లాడారు. ఒకాయనైతే మా అక్కను కబడ్డీ క్రీడాకారిణిని చేసేశాడు. ముందు వరుసలో కూర్చున్న అక్క లేచి, "వెయిట్‌లిఫ్టింగ్ సార్" అని గట్టిగా చెప్పింది. సభలో మొదటి చప్పట్లు అప్పుడే పడ్డాయి.

పుస్తక ప్రదర్శనలకు వెళ్లినప్పుడల్లా ఆటల పుస్తకాలు ఎక్కడని అడుగుతాను. పిల్లల బొమ్మల పుస్తకాల వైపు చూపిస్తారు. రాయడానికి మనుషులు లేకనా? విజయనగరం దగ్గర కొండవెలగాడ ఉంది, ఊరే ఒక వ్యాయామశాల. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో కంచు గెలిచింది. మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో ఆ కంచు వెండి అయింది. పోడియం మీద మెడలో పడాల్సిన పతకం తర్వాత చేతికి రావడం ఎలా ఉంటుందో ఆమె నోట విని తెలుగులో రాయాలి కదా. స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కేజీల విభాగంలో బంగారం తెచ్చాడు. ఒకప్పుడు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసి మనుషుల్ని కూర్చోబెట్టిన ఊరది. ఆ ఊరి కుర్రాడు మన జెండా పైకి లేపితే ఒక వారం శాలువాలు కప్పి ఊరుకున్నాం. ఇంతకంటే మంచి కథ ఏ నవలలో ఉంది?

అక్క ఇప్పుడు అత్తగారి ఊళ్లో బడిపిల్లలకు సాయంత్రాలు నేర్పిస్తోంది. నాన్న పద్ధతిలోనే గళ్లు గీసి, ఏం తిన్నారో కూడా రాస్తోంది. ఇద్దరు పిల్లలు జిల్లా పోటీల దాకా వెళ్లారు. వాళ్ల అమ్మానాన్నలు చూసుకోవడానికి నా పుస్తకం కాపీలు కావాలని అడిగితే పంపాను.

రెండో పుస్తకం మొదలుపెట్టాను. ఈసారి కొండవెలగాడ, స్టువర్టుపురం కూడా రాస్తాను. ఎనభైల్లో, తొంభైల్లో మీ ఇంట్లో ఎవరైనా జిల్లా స్థాయిలోనైనా బరువులెత్తి ఉంటే, సర్టిఫికెట్లు, ఫోటోలు చెదలు పట్టకముందే బయటికి తీసి కింద కామెంట్లో చెప్పండి. నేనే వచ్చి చూసుకుంటాను. పతకం రాకపోయినా ఫర్వాలేదు, ఎన్ని కేజీలో గుర్తుంటే చాలు.