మౌనంగా కూర్చుంటే అది ప్రార్థనా, ధ్యానమా?

అక్కా, తిరుపతిలో యోగా క్లాసులో నేర్చుకున్నట్టు శ్వాస గమనిస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతోందనీ, చర్చి పెద్దలు తప్పన్నప్పటి నుంచీ ప్రార్థనకు కూర్చోవాలన్నా భయమేస్తోందనీ రాశారు.

భయం వద్దక్కా. ఎట్లా కూర్చున్నారన్నదానికంటే ఎవరి ముందు కూర్చున్నారన్నది చూసుకోండి. పతంజలి యోగంలో గురి చిత్తవృత్తుల నిరోధం, అంటే మనసులో లేచే ఆలోచనల కదలికలను ఆపడం. బౌద్ధుల ధ్యాన పద్ధతి విపశ్యనలో శ్వాసనూ, ఒంట్లో పుట్టి పోయే స్పందనలనూ ఉన్నదున్నట్టు గమనిస్తారు, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. క్రైస్తవ మౌన ప్రార్థనలో ఎదుట ఒకరున్నారు. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని అవిలా తెరేసమ్మ దాన్ని, మనల్ని ప్రేమించే స్నేహితుడితో ఏకాంతంగా గడపడమనే చెప్పింది. ప్రశాంతత వస్తే సంతోషం, రాకపోయినా ప్రార్థన చెడినట్టు కాదు. అట్లాగని మన దేశపు సాధనలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. అన్నమయ్య తన వేంకటేశుడితో పదాల్లో మాట్లాడుతూనే ఉన్నాడు కదా.

రేపు పొద్దున ఇట్లా చేసి చూడండి. 23వ కీర్తన మొదటి వచనం మెల్లగా చదవండి. "నా కాపరి" దగ్గర ఆగి, ఆ మాటే ఆయనతో అనండి. తర్వాత ఊరకుండండి. పిల్లల ఫీజు గుర్తొస్తే తోసేయకండి, అదీ ఆయనకే చెప్పుకొని మళ్ళీ వచనానికి రండి. శ్వాస నెమ్మదించడం ఒంటికి సాయం, అంతవరకే. క్రైస్తవ ప్రార్థన తత్వం చెడనంతవరకూ ఇతర మతాల పద్ధతుల్లో పనికొచ్చేది తీసుకోవచ్చని 1989లో కతోలిక సంఘపు కేంద్రం వాటికన్ రాసిన లేఖ కూడా చెప్పింది. మొదట్లో పది నిమిషాలు చాలు.