వేపపువ్వు రాలుతోంది, ఆదివారం రా

చిన్నా,

ఆ మధ్య ఫోన్‌లో "అత్తా, చలి తగ్గుతుంటే కూడా ఏడుపొస్తోంది, ఇదేం పిచ్చి" అన్నావు. పిచ్చి కాదురా. అమ్మ కప్పుకున్న శాలువా మడిచి లోపల పెట్టేశావంటే, ఆవిడ చూడని ఎండాకాలం మొదలైనట్టే కదా. ఏడుపు రాక ఏం చేస్తుంది?

మీ మామయ్య కార్తీకంలో పోయారు. పుష్యం, మాఘం ఎలా గడిచాయో నాకు గుర్తే లేదు. ఫాల్గుణంలో మాత్రం తట్టుకోలేకపోయాను. బెంగళూరులో మా జయనగర్ వీధిలో కానుగ చెట్లున్నాయిగా, ఇక్కడివాళ్లు హొంగె అంటారే, అవి. ఎండలు మొదలయ్యేసరికి ఆకంతా దులిపేసుకుని, కొద్ది రోజుల్లోనే నిగనిగలాడే లేతాకు వేసేస్తాయి. ఆ పచ్చదనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజులు వీధివైపు కిటికీ తెరవలేదు.

అందుకే చెప్తున్నా, మనసు బాగుపడుతుందని ఆశపెట్టుకుని పార్కుకు వెళ్లకు. బాగుపడలేదని ఇంకాస్త దిగులుతో తిరిగొస్తావు. ఊరికే వెళ్లు. ఒక్క చెట్టును చూసుకో, ఆఫీసు దారిలోదైనా సరే. రావి అయితే మరీ మంచిది. ఈ రోజుల్లో ఆకు రాల్చి రాగిరంగు చిగురు వేస్తుంది, మార్పు కంటికి బాగా ఆనుతుంది. నెలనెలా మాసికం పెడుతున్నావు కదా, ఆ సాయంత్రం దాని దగ్గరికి వెళ్లు. ఫోటోలు తీయకు. బెరడు మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి వచ్చెయ్.

ఏడుపొస్తే ఆపుకోకు. నేను పొద్దున్నే లాల్‌బాగ్ వెళ్లి, కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూచుని ఏడ్చేదాన్ని. ఎవరూ ఏమనీ అడగలేదు. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి. దాని మీద కూచుంటే నా బాధ చిన్నదని ఏనాడూ అనిపించలేదు. త్వరగా కోలుకోవాలన్న తొందర మాత్రం పోయేది.

నిద్ర, తిండి వారాల తరబడి సరిగ్గా లేకపోతే మాత్రం చెట్లతో సరిపెట్టుకోకు. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల ఫోన్ సహాయం ఉంది, నంబర్ 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక్కడివీ చేయడానికి మొహమాటమైతే నేను పక్కన కూచుంటా.

మీ అమ్మ సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మామయ్య ఏటా ఉగాది ముందు పెరట్లో వేపచెట్టు కింద పాత పంచె పరిచేవారు, పువ్వు మట్టిలో పడకుండా. ఆయన పోయిన ఏడు మాకు పండగ లేదు. పువ్వు రాలి మట్టిపాలవుతుంటే గుమ్మంలో కూచుని చూస్తున్నా. మీ అమ్మ వచ్చింది. ఏమీ అనలేదు. బీరువాలోంచి ఆయన పంచె తీసుకెళ్లి చెట్టు కింద పరిచింది. సాయంత్రానికి రెండు దోసిళ్ల పువ్వు పడింది. ఇద్దరం చేటలో పోసుకుని పుల్లలు, చీమలు ఏరాం. వేళ్లకంతా పసుపురంగు పొడి, చేదు వాసన. నాలుగు రోజులు నీడన ఆరబెట్టాక తనే నేతిలో వేయించి చారు పెట్టింది. "పండక్కి కాదు వదినా, అన్నంలోకి" అంది. అయిదు నెలల తర్వాత నేను కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఇప్పుడు మళ్లీ పువ్వు రాలుతోంది. ఆదివారం ఏడింటికల్లా వచ్చెయ్, ఎండెక్కితే వాడిపోతుంది. వచ్చేటప్పుడు అమ్మ పాత నూలు చీర ఒకటి పట్టుకురా.

మీ అత్త