లగ్గం ఫోటోల గురించి బిడ్డకు

బిడ్డా,

లగ్గం ఖాయమైంది, హాలు కుదిరింది, ఇక ఫోటోగ్రాఫర్‌ను చూసుకోవాలని రాశావు. లగ్గం అయినంక ఒకరోజు ఇద్దరూ సరదాగా ఆడుతూ ఫోటోలు దిగాలని ఉందన్నావు. మంచి కోరికే. రెండింటికీ ఒకే మనిషిని పెట్టుకోవాలనుకుంటే, మీ చేతికి ఒక పని అప్పజెప్పి, పక్కకు జరిగి, కనిపెట్టుకుని ఉండే ఓపిక ఉన్నవాడిని వెతుకు. పోజులు చెప్పేవాళ్లు ఎటు చూసినా దొరుకుతారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవి ఎన్నో లగ్గాల్లోంచి ఏరిన నాలుగు ఫోటోలు. వాటిని చూసి మురిసిపోకు. ఒకే లగ్గం ఆల్బమ్‌ను మొదటి షీటు నుంచి చివరిదాకా చూపించమను. నీది రాత్రి ముహూర్తం కాబట్టి రాత్రి లగ్గమే అడుగు. స్టేజీ మీది ఫోటోలను దాటేసి, ఎదుర్కోళ్ల దగ్గర ఆగు. అక్కడ సగం చీకటి, డప్పుల మోత, తోపులాట, ఒక్కరూ కుదురుగా నిలబడరు. అక్కడ ముఖాలు తేటగా వచ్చాయంటే చెయ్యి తిరిగినవాడే. తర్వాత అప్పగింతలు చూడు. ఏడుస్తున్న తల్లి ముఖం మీద అడుగు దూరం నుంచి ఫ్లాష్ కొట్టినట్టుంటే, ఆల్బమ్ మూసి లేచి రా. దూరంనుంచి దగ్గరగా చూపించే 85 ఎంఎం లెన్స్‌తోనో 70-200 ఎంఎం జూమ్‌తోనో దూరంగా నిలబడి తీసినవాడు ఆ దుఃఖానికి అడ్డం రాడు. నాయనమ్మల ముఖాలు కూడా చూడు. ముడతలన్నీ చెరిపేసి, చామనచాయకు పిండి పూసినట్టు చేశాడంటే, రేపు మన ముసలామెనూ అట్లే చేస్తాడు.

ముహూర్తాలు గట్టిగా ఉన్న రోజు ఒక్కో స్టూడియో మూడు నాలుగు లగ్గాలు ఒప్పుకుంటుంది. ఆల్బమ్ చూపించినాయన ఒక చోటికి పోతాడు, మన దగ్గరికి కైకిలికి పిలిచిన పిల్లగాడు వస్తాడు. అందుకే కెమెరా పట్టేదెవరో పేరుతో సహా కాగితం మీద రాయించు. వెయ్యిమంది వచ్చే లగ్గానికి ఇద్దరు ఫోటోవాళ్లు, ఇద్దరు వీడియోవాళ్లు చాలు. కెమెరాలో రెండు మెమరీ కార్డులు పడతాయా, రెండింటిలోనూ ఒకేసారి రాసుకునేలా పెడతారా అని అడుగు. ఒక కార్డు చెడిపోతే పుస్తె కట్టిన క్షణం మళ్లీ రాదు. అదే రాత్రి డేటాను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాలి, అప్పటిదాకా కార్డులు ఖాళీ చేయొద్దని చెప్పు. నువ్వొక 2 టీబీ డిస్కు కొనిచ్చి మొత్తం ఫోటోలు, వీడియోలు అందులో తెచ్చుకో.

పైసల సంగతి: మూడోవంతు బయానా, మూడోవంతు లగ్గం నాడు, మిగిలింది ఆల్బమ్ చేతికొచ్చినంక. 12×36 అంగుళాల ఆల్బమ్ 40 షీట్లు అనుకో, షీటుకు ఐదు చొప్పున 200 ఫోటోలు పడతాయి. అంతకు మించి ఇరికిస్తే తపాలా బిళ్లలు అతికించినట్టు ఉంటుంది. ఆ 200 ఏరుకోవడంలోనే చాలామంది నెలలు గడిపి, ఆలస్యమైందని స్టూడియోను తిడతారు. రెండు వారాల్లో ఏరి ఇచ్చెయ్.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 ఆవృత్తులు, అందుకే చౌక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. కంటికి ఆనదు గానీ, షట్టర్ వేగం సెకనులో 250వ వంతు పెడితే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. 100వ వంతుకో 50వ వంతుకో తెస్తే చాలావరకు పోతాయి. స్టేజీ వెనకాల పెట్టే ఎల్‌ఈడీ తెర లెక్క వేరు, దాన్ని ముందురోజు వెలిగించి కెమెరాతో చూడాల్సిందే. డెకరేషన్ వాళ్లు నీలం, గులాబీ లైట్లు ముఖాల మీదికి తిప్పితే గట్టిగా వద్దను. పసుపు పూసిన ముఖం నీలి వెలుగులో నల్లబడి, రోగం వచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో ఎంత దిద్దినా ఆ రంగు తిరిగి రాదు. రంగు లైట్లు వెనక తెర మీద ఉండనీ, మనుషుల మీద లేత పసుపు తెలుపు ఒక్కటే పడాలి.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, పుస్తె కట్టేటప్పుడు కెమెరావాళ్లంతా గోడ కట్టినట్టు ముందు నిలబడితే, కింద కూర్చున్న చుట్టాలకు కనిపించేవి వీపులే. పందిట్లో ఒక ఫోటోవాడు, ఒక వీడియోవాడు, అదీ పక్కల నుంచి. మిగిలినవాళ్లు కిందనే. ఈ మాట మీ అన్నకు అప్పజెప్పు, నీకు ఆ వేళ తలెత్తే తీరిక ఉండదు.

ఇక సరదా ఫోటోల మాట. నాగవెల్లి అయి, నిద్రలు తీరినంక, నాలుగో రోజు నుంచి పదో రోజు లోపు పెట్టుకో. తర్వాతైతే మెహందీ వెలిసిపోతుంది. ఆషాఢం దగ్గరపడితే నువ్వు పుట్టింటికి రావాల్సి వస్తుంది, అదీ చూసుకో. మే నెలలో పొద్దున ఐదున్నరకల్లా అక్కడుండి, ఎనిమిదింటికి ముగించండి. డిసెంబరులో సాయంత్రం నాలుగు నుంచి మొదలుపెట్టండి, ఐదూ నలభైకి పొద్దు గూకుతుంది. మొదటి ఇరవై నిమిషాలు ఇద్దరూ బిగుసుకుపోయి ఉంటారు, ఎవరికైనా అంతే. అందుకే నచ్చిన చీర ముందు కట్టకు.

వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప అందరికీ గుర్తొస్తాయి. అక్కడ ట్రైపాడ్, లైట్లు పెట్టాలన్నా డ్రోన్ ఎగరేయాలన్నా ముందే పురావస్తు శాఖ అనుమతి ఉండాలి. కోట తోరణాల దగ్గర పడి ఉన్న చెక్కుడు రాళ్ల మీద ఎక్కొద్దు. రామప్ప 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తించింది, నేటికీ పూజలందుకునే చోటు. అక్కడ కుదురుగా నిలబడి ఫోటోలు దిగండి, ఆటలొద్దు. దాని గోడలు ఎర్ర ఇసుకరాయి, ఎర్రచీర అందులో కలిసిపోతుంది. ఆకుపచ్చో తెలుపో తేలుతుంది. లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన అడుగేస్తే ఊగుతుంది, షట్టర్ వేగం 500వ వంతు కన్నా నెమ్మదైతే మసకే. ఆదివారం అసలే పోవద్దు, జనం నడుమ నువ్వు నవ్వలేవు.

ఆటకు మాత్రం మన ఊరే మంచిది. మామిడితోటలో చాప పరిచి అష్టాచెమ్మా ఆడండి, నిజంగా ఓడిపోవాలి, నిజంగా గొడవపడాలి. చిర్రగోనె (బిళ్లంగోడు) ఆడితే షట్టర్ వెయ్యోవంతులో పెట్టమను. దెబ్బ కొట్టే క్షణం కన్నా, అది తప్పినాక ఒకరినొకరు చూసుకునే క్షణం అందం. అప్పటిదాకా కెమెరా బటన్ మీంచి వేలు తీయొద్దని అతనికి చెప్పు. ఎండాకాలమైతే ముంజకాయల బండి తోలించు. నాగవెల్లిలో బిందెలో ఉంగరం వెతికే ఆట హడావిడిలో సరిగా రాదు, దాన్ని తీరిగ్గా మళ్లీ ఆడండి, కెమెరా బిందెకు సరిగ్గా పైన ఉండాలి. పతంగి ఎగరేస్తే నూలు దారమే, చైనా మాంజా మెడలు కోస్తుంది. కరెంటు తీగలు లేని చోటు చూసుకోండి.

పట్టుచీరతో బురదలోకి దిగొద్దు, జరీ నల్లబడుతుంది. పాత నూలు చీర కట్టు. గాజు గాజులు తీసి పెట్టు, పగిలితే మణికట్టు తెగుతుంది. పుస్తెలతాడు జాకెట్టుకు పిన్ను పెట్టుకో. చల్లని నీళ్లకు వేళ్లు సన్నబడతాయి, ఉంగరాలు జారతాయి, అవీ ఇంట్లోనే ఉంచు. రంగు పొడులు చల్లుకోవాలనిపిస్తే అన్నిటికన్నా చివర, అదీ లెన్సుకు దూరంగా.

నీళ్ల దగ్గర మాత్రం నా మాట దాటొద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లు కూడా మునుగుతారు. చెరువు మత్తడి మీద నాచు ఉంటుంది, కాలు పెడితే జారుడే. వానాకాలం బొగత జలపాతం దగ్గర ఒడ్డునే నిలబడి ఫోటోలు దిగండి. మోకాలు దాటి ఎక్కడా వద్దు. ఫోటోగ్రాఫర్ "ఇంకొక్క అడుగు లోపలికి" అన్నాడంటే, అతనికి ఆ రోజుకు దండం పెట్టి ఇంటికి రండి.

వెంట గుంపును తీసుకుపోకు, మీ చెల్లె ఒక్కతే చాలు. సంచిలో పిన్నులు, దువ్వెన, రెండు తువ్వాలలు, నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు పెట్టించు.

హాలువాళ్లు లైట్లు వెలిగించి చూపించే రోజు చెప్పు. నేనూ వస్తాను, ఫోటోగ్రాఫర్‌నూ అదే వేళకు రమ్మను.

మీ ఇద్దరికీ ఆశీస్సులతో,
పెద్దబాపు
హనుమకొండ