వేరే ఇంజన్ ఎక్కించే ముందు బ్లాకు నంబరు సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న ఇదీ: 2012 స్విఫ్ట్ డీజిల్, ఏపీ 31 (విశాఖ) బండి, అరకు ఘాట్ ఎక్కుతుంటే హీటెక్కి ఆగిపోయింది. ఆయిల్లో కూలెంట్ కలిసింది. ‘ఇంజన్ పోయింది, గాజువాక ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌ది దొరుకుతుంది, రెండ్రోజుల్లో ఎక్కించేద్దాం’ అంటున్నాడు మెకానిక్. ఆర్సీకి ఏం చేయాలి?

రెండ్రోజుల మాట పక్కన పెట్టండి. ఆర్సీలో ఉండే ఇంజన్ నంబరు బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన భాగం) మీద కొట్టి ఉంటుంది, హెడ్ (దాని పైమూత) మీద కాదు. మీ బ్లాకు బతికి ఉంటే హెడ్, క్రాంక్, పిస్టన్లు, రింగులు అన్నీ మార్చినా నంబరు మారదు, ఆర్టీవో ఆఫీసు గడప తొక్కే పనే లేదు. ఈ 1248 సీసీ ఇంజన్లో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. హీటెక్కితే ముందు వంగేది హెడ్డే. కాబట్టి హెడ్ దించి, బ్లాకు పైతలం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద) పెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజి దూర్చి, వంగిందేమో చూడమనండి. బోరులో గోరుకి తగిలే గీతలున్నాయా, బ్లాకు ఎక్కడైనా చిట్లిందా అన్నది లేత్ షాపువాళ్లు చెబుతారు. కూలెంట్ కలిసిన ఆయిల్‌తో ఎంతసేపు నడిచిందన్నదీ ముఖ్యమే. ఎక్కువసేపు నడిస్తే క్రాంక్ బేరింగులు తిని ఉంటాయి, అయినా అవి దొరికే సామానే. బ్లాకు చిట్లినా, కనెక్టింగ్ రాడ్ పక్కగోడ పొడుచుకుని బయటికొచ్చినా, అప్పుడే వేరే ఇంజన్ మాట. చాలాసార్లు ఈ పరీక్ష చేయకుండానే బ్లాకు తుక్కు కిందకి వెళ్లిపోతుంది, ఎందుకంటే రిపేరు కన్నా మార్చేయడం మెకానిక్‌కి సులువు.

వేరేది తప్పదంటే చట్టం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీ వివరాలకు తేడా వచ్చే మార్పుకి రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ముందే ఉండాలి. మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆ సంగతి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. పది, అంతకుమించి ట్రాన్స్‌పోర్ట్ వాహనాలున్న యజమానికి రాష్ట్ర ప్రభుత్వం అధికారమిస్తే, అదే మేక్ (తయారీ కంపెనీ), అదే రకం ఇంజన్‌ని ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వెసులుబాటు ఉంది. సొంత కారుకి అది వర్తించదు. అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకి 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అందుకని ‘అదే మల్టీజెట్ కదా’ (మీ డీజిల్ ఇంజన్ రకం పేరు) అనే సలహా వినకండి. ఈ ఫియట్ డిజైన్ ఇంజనే టాటా విస్టాలోనూ, పుంటోలోనూ ఉంది. మారుతిలోనే ఎర్టిగాకి 90 పీఎస్ (ఇంజన్ శక్తి కొలత) రకం వచ్చింది, మీది 75 పీఎస్. బ్లాకులు అక్కచెల్లెళ్లలా ఉన్నా టర్బో, సెన్సార్లు, మౌంటింగులు, ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లెక్కలు వేరు. పైగా కాగితం మీద మేకే మారిపోతుంది. స్విఫ్ట్ లేదా డిజైర్, 75 పీఎస్, మీ ఆర్సీలో ఉన్న బీఎస్ (పొగ కాలుష్య ప్రమాణం) నార్మే ఉండాలి.

ఇంజన్ ఎంచుకునేటప్పుడు శబ్దం కన్నా ముందు కాగితం అడగండి. ఏ బండిలోంచి తీశారు, దాని ఆర్సీ కాపీ ఉందా, తుక్కుకి పోయిన బండైతే 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేయించారా, జీఎస్టీ బిల్లులో ఇంజన్ నంబరు రాసిస్తారా? ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వెహికల్ ఎన్‌వోసీ సేవలో ఆ నంబరు కొట్టి, దొంగ బండి లిస్టులో లేదని తీసిన కాగితాన్ని ఫైల్లో పెట్టుకోండి. ‘బిల్లు తర్వాత ఇస్తాం’ అంటే వదిలేయండి, ఆ తర్వాత రాదు. నంబరు దగ్గర గ్రైండింగ్ మరకలున్నా, అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. పాత నంబరుని కొత్త బ్లాకు మీద కొట్టించేస్తాం అనేవాళ్లూ ఉంటారు. అది నేరుగా పోలీసు కేసు.

కాగితం సరిపోయాక ఇనుము చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, వాటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) విప్పి అడుగున రాగిరంగు మెరుపు ఉందేమో చూడండి, ఉంటే బేరింగులు అయిపోయినట్టే. టర్బో షాఫ్టుని వేలితో ముందుకీ వెనక్కీ లాగితే కదలకూడదు. మన ఊళ్లో అదనంగా చూడాల్సింది నీళ్ల గుర్తు. వరదలో మునిగిన బండి ఇంజన్లు చవగ్గా వస్తాయి. టైమింగ్ కవరు లోపల ఒండ్రు చార, గ్లో ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించితే సిలిండరు గోడ మీద తుప్పు, ఇవి దాగవు.

ఎక్కించేటప్పుడు ఇంజన్ బయటే ఉంటుంది కాబట్టి, తర్వాత మళ్లీ దించాల్సి వచ్చే సామాను ఇప్పుడే మార్చండి: టైమింగ్ చైను, టెన్షనర్, గైడ్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ సెట్టు మూడూ, ఇంజన్ మౌంటింగులు. హెడ్ విప్పితే బోల్టులు కొత్తవి వేయాలి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజితో కొలిచి, దానికి తగ్గ మందం గ్యాస్కెట్ ఎంచాలి. ఏదో ఒకటి బిగిస్తే కంప్రెషన్ తప్పుతుంది.

ఈసీఎం, వైరింగ్, తాళాలు మీవే ఉంచండి. ఈసీఎం ఇమ్మొబిలైజర్‌తో (వేరే తాళంతో బండి స్టార్టవనివ్వని ఏర్పాటు) ముడిపడి ఉంటుంది, వచ్చిన ఇంజన్‌తో పాటు దాని ఈసీఎం పెడితే బండి స్టార్టవదు. ఇంజెక్టర్లు మాత్రం కొత్త ఇంజన్‌వి వాడితే, ఒక్కోదాని మీద ముద్రించిన కోడ్‌ని స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి. లేకపోతే ఐడిల్‌లో వణుకు, పొగ. ఇంటర్‌కూలర్‌ని కడగకుండా బిగించకండి. పాత టర్బో వదిలిన ఆయిల్ అందులో నిలిచి ఉంటే ఇంజన్ దాన్నే పీల్చి మండిస్తుంది, తాళం తీసినా ఆగదు. ఏసీ పైపులు విప్పనక్కర్లేదు, కంప్రెసర్‌ని పైపులతో సహా పక్కకి కట్టేస్తే గ్యాస్ మిగులుతుంది.

మొదటి స్టార్టుకి ముందు ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి స్టార్టర్‌తో ఇంజన్ తిప్పాలి. ఆయిల్ 5డబ్ల్యూ-30, ఫిల్టరుతో కలిపి సుమారు 3 లీటర్లు, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగంసగం కలపండి. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి పోస్తే కొత్త వాటర్ పంపూ రేడియేటరూ తుప్పెక్కిపోతాయి. అసలు మొదట ఎందుకు హీటెక్కిందో కనిపెట్టకుండా (రేడియేటర్ పూడిక, ఫ్యాన్ రిలే, థర్మోస్టాట్) పాత రేడియేటరే బిగిస్తే, ఈ ఇంజనూ అరకు దారిలో అనంతగిరి దాటదు.

ఇక ఆఫీసు పని. ఎక్కించే ముందు అనుమతికైనా, ఎక్కించాక ఆర్సీలో మార్పుకైనా, మీ నివాసం ఏ పరిధిలో ఉందో అక్కడే దరఖాస్తు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి బండి ఏపీ 31 అయినా, మీ ఇల్లు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంటే విశాఖ మాధవధార ఆర్టీవో ఆఫీసుకి తిరగడం వృథా కావచ్చు, ముందు చూసుకోండి. పెండింగ్ చలాన్లు కట్టేయండి, ఆధార్‌కి లింకైన ఫోను దగ్గర పెట్టుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇంజన్ బిల్లు, అది వచ్చిన బండి కాగితాలు, ఎక్కించిన గ్యారేజీ బిల్లు, ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) స్వయంగా చూసి, ఇంజన్, ఛాసిస్ నంబర్లు సరిపోల్చుకుంటారు. నంబరు మీద గ్రీజు, మట్టి గీకి శుభ్రం చేసి తీసుకెళ్లండి. కనిపించలేదని వెనక్కి పంపిన బండ్లు బోలెడు.

ఆర్సీలో మారగానే ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి పాలసీలో కొత్త నంబరు ఎండార్స్ చేయించండి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ, క్లెయిమ్ రోజున సర్వేయర్ మొదట చూసేది నంబర్లే. కొత్త ఇంజన్ వేసినంత మాత్రాన ఆర్సీ గడువు పెరగదు. మీది 2012 బండి కాబట్టి 15 ఏళ్ల రెన్యువల్ 2027లో ఎలాగూ వస్తుంది. ఈ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఆ లెక్కతో కలిపి చూసుకోండి.

పాత బ్లాకుని తుక్కుకి వేసేటప్పుడు నంబరు కనిపించేలా ఫోటో తీసి, నంబరు రాసిన రసీదు తీసుకోండి. రేపు అది ఇంకెవరి బండిలోనో తేలితే, మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.