నర్సు చదివి ఆయా పనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో రెండేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డు మీద న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్లింది. నర్సు లైసెన్సు వచ్చేదాకా అక్కడి నర్సింగ్ హోంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేరతానంటోంది. నాలుగేళ్లు చదివించింది ఆయా పనికా? పైగా అక్కడి చట్టాలు చాలా కఠినమంటున్నారు. చేరమనమంటారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: చేరమనండి అమ్మా. మీ బాధ నాకు అర్థమైంది. కానీ ముందు ఒక మాట. మన దగ్గర నర్సింగ్ హోం అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అయితే లేవలేని పెద్దవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. అందుకే వారిని రోగులనరు, రెసిడెంట్లు అంటారు. అది వాళ్ల ఇల్లు, పనిచేసేవాళ్లు ఆ ఇంటికి వచ్చినవాళ్లు. తలుపు తట్టి లోపలికి వెళ్లాలి.

దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం 1987లో వచ్చింది. న్యూజెర్సీ అంతకు ముందే, 1976లోనే, నర్సింగ్ హోంలలో ఉండేవారి హక్కులకు సొంత చట్టం చేసుకుంది. ఇవి కాగితం మీద ఎలా ఉన్నా, పనిలో ఎలా ఎదురవుతాయో చెబుతాను. నా సలహాతో అక్కడ చేరిన ఒక అమ్మాయి, మొదటి వారంలో, ఒక పెద్దావిడ మాటిమాటికీ లేవబోతుంటే పడిపోతుందని భయపడి, చక్రాల కుర్చీని భోజనం బల్లకు ఆనించి బ్రేకు వేసింది. నర్సు వచ్చి బ్రేకు తీసి, "ఆవిడ లేవాలనుకుంటే లేవగలగాలి. నువ్వు చేసింది కట్టేయడం కిందికే వస్తుంది" అన్నదట. ఆ అమ్మాయి చేసింది ప్రేమతోనే. మన ఐసీయూలో మంచానికి రెండు పక్కలా కడ్డీలు ఎత్తి ఉంచడం జాగ్రత్త. అక్కడ, మనిషి తనంతట తాను దిగే దారి మూసేస్తే అదీ నిర్బంధం కావచ్చు. సిబ్బందికి తేలికవుతుందని మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టడం నిషేధం. స్నానం వద్దన్నా, మాత్ర వద్దన్నా బతిమాలవచ్చు, కారణం అడగవచ్చు, బలవంతం చేయకూడదు.

మీ అమ్మాయికి సూదులు, మందులు, వెంటిలేటర్లు తెలుసు. తెలియనిది ఇదే. స్నానం చేయిస్తూ, అన్నం తినిపిస్తూ నేర్చుకుంటేనే ఇది చేతికి వస్తుంది. అసిస్టెంటు శిక్షణకు ఫెడరల్ నియమం 75 గంటలు చాలంటే న్యూజెర్సీ 90 గంటలు అడుగుతుంది.

నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు చేతికొచ్చాక దారి ఇంకా తెరుచుకుంటుంది. ప్రతి నర్సింగ్ హోంలోనూ వారంలో ఏడు రోజులూ రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఆర్‌ఎన్ ఉండాలి. నర్సులందరి మీద ఒక డైరెక్టర్ ఉండాలి. ఆ పైన, నర్సింగ్ హోం మొత్తాన్ని నడిపే అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి రాష్ట్ర లైసెన్సు, వేరే పరీక్ష ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది మరొకటి. రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ బృందాలు ముందు చెప్పకుండా వచ్చి ప్రతి నర్సింగ్ హోంనూ తనిఖీ చేస్తాయి. రెండు తనిఖీల మధ్య 15 నెలలు దాటకూడదు. ఆ బృందంలో ఒక ఆర్‌ఎన్ ఉండి తీరాలి. అసిస్టెంటుగా పనిచేసి వచ్చిన నర్సుకు ఎక్కడ ఏం దాస్తారో తెలుసు. ఐదారేళ్లకు మీ అమ్మాయి ఆ కుర్చీలో కూర్చోవాలని నా కోరిక.

చట్టం కఠినమని భయపడకండి, అది మీ అమ్మాయికీ రక్షణే. ఎవరినైనా కొట్టారనో హింసించారనో అనుమానం వస్తే రెండు గంటల్లో రాష్ట్రానికి తెలియజేయాలి. తెలియజేసినందుకు యాజమాన్యం కక్ష సాధించకూడదు. చూసింది చూసినట్టు, గంట నిమిషాలతో సహా రాసి పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోమనండి.

అసలు కష్టం పనిభారం. ఒక్కరి మీద ఇరవై మందిని వదిలేస్తే ఎంత మంచి పిల్లయినా విసుక్కుంటుంది, ఆ విసుగు వృద్ధుల మీదే పడుతుంది. సిబ్బంది ఇంతమంది ఉండాలని కేంద్రం 2024లో తెచ్చిన నియమాన్ని 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. న్యూజెర్సీకి మాత్రం కరోనా దెబ్బ తర్వాత 2020లో చేసుకున్న సొంత చట్టం ఉంది. పగలు ఎనిమిది మందికి, సాయంత్రం పది మందికి, రాత్రి పద్నాలుగు మందికి ఒకరు చొప్పున ఉండాలి.

అందుకే చేరే ముందు మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వారి కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో ఆ నర్సింగ్ హోం పేరు కొట్టి చూడమనండి. ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు, తనిఖీల్లో దొరికిన తప్పులు అన్నీ ఉంటాయి. ఇంటర్వ్యూలో, రాత్రి డ్యూటీలో ఒక్కొక్కరికి ఎంతమందిని అప్పగిస్తారని అడగమనండి. జవాబు పద్నాలుగు దాటినా, నీళ్లు నమిలినా, మరో చోటు చూసుకోమనండి.