సైకిల్‌ను బైక్ గుద్దింది, రాజీ కాగితం రాసిచ్చాం: ఇక కేసు పెట్టలేమా?

ప్రశ్న: మాది విశాఖపట్నం మల్కాపురం. నాన్నకు 52 ఏళ్లు, ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులో పని. రోజూ సైకిల్ మీదే వెళ్తారు. రెండు నెలల కిందట తెల్లవారుజామున శ్రీహరిపురం దగ్గర వెనక నుంచి బైక్ గుద్దింది. కాలు విరిగితే రాడ్ వేశారు. బైక్ నడిపిన అబ్బాయి బతిమాలాడని ఆస్పత్రిలో ‘సైకిల్ మీంచి పడిపోయారు’ అని చెప్పాం. వాళ్లు 20 వేలు ఇచ్చి, ‘మా బండి తగిలింది, డబ్బు ముట్టింది, కేసు పెట్టం’ అని రెండు కాగితాలు రాయించి చెరొకటి తీసుకున్నాం. నాన్న ఇంకా పనికి వెళ్లలేకపోతున్నారు. మళ్లీ అడిగితే, సైకిల్‌కు లైటు లేదు, ఇన్సూరెన్సూ లేదు, మీకేం రాదు అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: నిజం కాదు. కేసు పెట్టొచ్చు, పరిహారమూ అడగొచ్చు. కాకపోతే ఇంకొక్క వారం కూడా ఆగొద్దు.

ముందు ఇన్సూరెన్స్ సంగతి. సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ ఉండాల్సింది గుద్దిన బండికి. థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఆ బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి చేయించే ఇన్సూరెన్స్ ఉంటే మీ నాన్నగారికి పరిహారం ఇవ్వాల్సింది ఆ కంపెనీ. పాలసీ లేకపోతే బండి యజమాని సొంత జేబులోంచి కట్టాలి. బండి నంబరు కొడితే పాలసీ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తుంది, ఈరోజే చూడండి.

ఇక ఆ కాగితం. దాని గురించి మీరు భయపడుతున్నారు గానీ, నా లెక్కలో అది మీకే ఎక్కువ పనికొస్తుంది. నిర్లక్ష్యంగా బండి నడపడం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో కూర్చుని రాజీ పడితే మాసిపోయే నేరం కాదది. ఎముక విరిగింది కాబట్టి చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం, అదే సంహితలోని 125(బి) సెక్షన్ కూడా పడుతుంది. ‘కేసు పెట్టం’ అన్న ఒక్క మాటతో, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ తలుపులు మూసుకుపోవు. పైగా ‘మా బండి తగిలింది’ అని వాళ్లే సంతకం చేశారు. రేపు ఇన్సూరెన్స్ లాయరు అసలు ఈ బండి గుద్దనేలేదంటే మీరు చూపించేది అదే. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. తీసుకున్న 20 వేలు కూడా దాచొద్దు, పిటిషన్‌లో చెప్పేయండి. దాచి దొరికిపోతే మిగతా మాటలనూ ఎవరూ నమ్మరు.

మీకు అసలు చిక్కు ఆస్పత్రి రికార్డుతోనే. కేసు షీటులో ‘పడిపోయారు’ అని ఉంటే కంపెనీవాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. ఆ షీటు దిద్దించే ప్రయత్నం మాత్రం చేయకండి. అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పోలీసు ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. ఆ వేళకు రోడ్డు మీద టీ కొట్టువాళ్లు, పాలవాళ్లు ఉంటారు. నిజంగా చూసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు ఇవ్వండి. చూడనివాళ్లను సాక్షులుగా తేవద్దు. అలాంటి సాక్షి క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నల ముందు నిలబడడు, నిజమైన కేసు కూడా కూలిపోతుంది.

ఫిర్యాదు ఆలస్యమైందని టెన్షన్ పడొద్దు. కారణం సరిగా చెబితే, ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం కాదనకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అంటే పరిధి ఎవరిదైనా ముందు అక్కడే నమోదు చేయమనండి. అసలు తీసుకోకపోతే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనర్‌కు పంపి, రసీదు దాచుకోండి.

సైకిల్ ఇంకా ఉందా? ఉంటే బాగు చేయించకండి, పాత ఇనుముకు వేయకండి. వెనక చక్రం వంగి, మడ్‌గార్డు లోపలికి నలిగి, ముందు చక్రం బాగానే ఉంటే దెబ్బ ఎటు నుంచి తగిలిందో ఆ సైకిలే చెబుతుంది. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

లైటు లేకపోవడం లోపమే, కాదనను. చీకట్లో లైటు, వెనక రిఫ్లెక్టర్ ఉండాలి. అంతమాత్రాన గుద్దినవాడి తప్పు మాయమైపోదు. మీ నాన్నగారి నిర్లక్ష్యం కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, అంతే. నాకు ఇంతకంటే భయం రాంగ్ రూట్ అంటే. గాజువాక వైపు యూటర్న్ దూరమని చాలామంది కార్మికులు సైకిళ్ల మీద ఎదురు వస్తారు. పోర్టు లారీలు తిరిగే రోడ్డులో అది ప్రాణాల మీదకు తెస్తుంది, కేసునూ బలహీనం చేస్తుంది. మీ నాన్నగారిని వెనక నుంచి గుద్దారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

పరిహారం పిటిషన్ మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద విశాఖ ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. జీతం స్లిప్పు లేదని వెనకాడొద్దు. కూరగాయలు అమ్ముకునే వ్యక్తి విషయంలో కూడా ఆదాయానికి కాగితం లేదని సుప్రీంకోర్టు పరిహారం ఆపలేదు. షాపు యజమాని వచ్చి సాక్ష్యం చెబితే మరీ మంచిది.

లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. నెలకు 12 వేల ఆదాయం, గాయం వల్ల సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందనుకోండి. ఏడాదికి 28,800 నష్టం. ఈ నష్టాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, దాన్నే గుణకం అంటారు. 52 ఏళ్లకు అది 11. అంటే 3,16,800. వైద్య ఖర్చులు, పని పోయిన నెలల కూలి, పడిన బాధకు ఇచ్చేది దీనికి అదనం. వెల్డర్‌కు కింద కూర్చుని లేవడమే పని కాబట్టి, డాక్టరు ఇచ్చే వైకల్య శాతం తక్కువైనా, పని మీద దాని ప్రభావం ఎక్కువని వాదించాలి. సర్టిఫికెట్ తర్వాత తెచ్చుకోవచ్చు, దానికోసం పిటిషన్ ఆపొద్దు.

ఒక జాగ్రత్త. ఎవరి తప్పో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఉంది. కంపెనీవాళ్లు ఆ మొత్తం ఇస్తామని వస్తే వెంటనే సంతకం పెట్టకండి. అది తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. సాక్ష్యం బలహీనంగా ఉంటే అదే మేలు కావచ్చు, మీ లాయరుతో లెక్క వేయించుకుని తేల్చుకోండి. లాయరు ఫీజు ఇవ్వలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.