టికెట్ అడుగుతున్న మనిషిని ఏమడగాలి?

ప్రశ్న: అమ్మా, మేం అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు హొరమావులో స్థిరపడ్డాం. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో మా నియోజకవర్గం టికెట్ కోసం ప్రయత్నిస్తున్న ఒకాయన తరచుగా మా లేఅవుట్‌కి వస్తున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపారట. 2018లో వేరే చోట ఇండిపెండెంటుగా నిలబడి ఓడిపోయారట. ఇంటింటికీ కావేరి నీళ్లు తెప్పిస్తా, వాననీళ్లు పోయే రాజకాలువ బాగు చేయిస్తా, అందరికీ ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్ ఆస్తి పత్రం ఇప్పిస్తా అంటున్నారు. పోయిన నెల ఆడవాళ్లందరినీ బస్సు పెట్టి తిరుపతి తీసుకెళ్లారు. మనిషి మర్యాదస్తుడే. ఆయన గురించి నిజంగా తెలుసుకోవాలంటే ఎలా?
ఒక గృహిణి, హొరమావు

జవాబు: 2018లో నిలబడ్డారన్నారు చూడమ్మా, మొదట అక్కడ పట్టుకో. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే అఫిడవిట్ ఇచ్చి తీరాలి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఓటరుకు దక్కిన హక్కు ఇది. ఎంతవరకు చదివారు, ఎక్కడ చదివారు, తన పేరునా భార్య పేరునా ఉన్న ఆస్తులేమిటి, అప్పులెన్ని, మీద కేసులున్నాయా, అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అభ్యర్థుల అఫిడవిట్లు పరిశీలించే ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే మైనేతా వెబ్‌సైట్‌లో ఇంకా తేలిగ్గా చదువుకోవచ్చు. ఇప్పటి ఫారంలో ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్కలు కూడా రాయాలి. 2018 నాటి దానిలో ఆ ఐదేళ్ల పట్టిక ఉండదు, కనబడలేదని కంగారు పడకు.

అందరూ మొదట ఆస్తి మొత్తం ఎన్ని కోట్లో చూస్తారు. నేను అది చివర్న చూస్తాను. భూముల పట్టికలో సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ ఉంటాయి. రాజకాలువ బాగు చేయిస్తానన్న మనిషికి కాలువ పక్కన గానీ చెరువు పక్కన గానీ స్థలం ఉందేమో అక్కడే తెలుస్తుంది. ఉంటే తప్పు చేసినట్టు కాదు. కానీ ఆక్రమణ తొలగించే రోజు వస్తే ఆయన ఎటువైపు నిలబడతారో ముందే అడగాల్సిన బాధ్యత మీ మీద ఉంటుంది. వర్షం పడితే మీ పక్కనే సాయి లేఅవుట్ ఎలా మునుగుతుందో 2025 మే నెలలో ఊరంతా చూసింది కదా.

ఇక ఆయన మాటలు. కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం వేసిన పథకం. అంటే నీళ్లు తెప్పించడం అనే పని ఎవరి హామీ కోసమూ ఆగలేదు. మిగిలింది మీ వీధిలో పైపు, మీ ఇంటికి కనెక్షన్, దానికి కట్టాల్సిన డబ్బు. ఏ వీధుల్లో పైపులు పడలేదో ఆయన చెప్పగలరా? చెప్పగలిగితే పని తెలిసిన మనిషి. ఈ-ఖాతా ఇచ్చేది కార్పొరేషన్ అధికారి, ఎమ్మెల్యే కాదు. రాజకాలువ కూడా కార్పొరేషన్ పనే. ఎమ్మెల్యే దానికోసం ఒత్తిడి తేగలరు, బడ్జెట్‌లో డబ్బు అడగగలరు. తన చేతిలో ఉండే నియోజకవర్గ నిధి ఏడాదికి 2 కోట్లు. బెంగళూరులో ఒక కాలువకు గోడ కట్టడానికి కూడా అది చాలదు.

ఇది ఆయన ఒక్కరి తప్పు అననులే. 2020 సెప్టెంబరులో బెంగళూరు నగర పాలికె (కార్పొరేషన్) కౌన్సిలు గడువు ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. చెత్తబండి రాకపోయినా ఎమ్మెల్యే ఇంటికే వెళ్లడం జనానికి అలవాటైపోయింది. 2025 సెప్టెంబరులో కొత్త చట్టం కింద నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు. వాటి పైన ఉండే గ్రేటర్ బెంగళూరు అథారిటీకి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, నగర ఎమ్మెల్యేలు సభ్యులు. కార్పొరేటర్ చేయాల్సిన పనుల మీద ఎమ్మెల్యేలకు ఇంత పెత్తనం ఉండాలా? మీ వార్డు కమిటీకి అధికారం పోతుందా, వస్తుందా? ఈ చట్టం మీద ఆయన అభిప్రాయం అడుగు. నా లెక్కలో ఆయన పెట్టిన మూడు హామీల కంటే ఈ ఒక్క జవాబు విలువైనది.

నేను విధానసభలో రిపోర్టరుగా పని చేశాను. సభలో ఎవరు ఏం మాట్లాడినా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తర్వాత కన్నడంలో సాఫు ప్రతి తయారు చేసే ఉద్యోగం. మా బల్ల సభ మధ్యలోనే ఉంటుంది కాబట్టి అందరి మొహాలూ కనబడేవి. భోజనం తర్వాత సగం కుర్చీలు ఖాళీ. శాఖల ఖర్చుల పద్దుల మీద చర్చ జరిగే రోజుల్లో మరీను. వేల కోట్లు ఆ పూట ఆమోదం పొందుతుంటే పదిమంది కూర్చుని వినేవాళ్లు. ఆ పదిమందిలో కొందరు ఊరి పేరు, కాలువ పేరు, టెండరు తేదీ కాగితం మీద రాసుకుని వచ్చేవాళ్లు. మంత్రి డొంకతిరుగుడుగా చెబితే వెంటనే అనుబంధ ప్రశ్న వేసేవాళ్లు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అందుకే అధికారులు ముందురోజు రాత్రే ఫైళ్లు దులుపుతారు. చాలాసార్లు ప్రశ్న సభకు వచ్చేలోపే ఆ ఊళ్లో పని మొదలైపోయేది. ఆ మంచి సభ్యుల పేర్లు టీవీలో పెద్దగా వినబడవు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఆయన్ని అడుగు: గెలిస్తే మొదటి సమావేశంలో ఏ ప్రశ్న వేస్తారు? ఏ శాఖ మంత్రికి? ఆయన ఇప్పటి ఎమ్మెల్యేని విమర్శిస్తుంటే, ఆ ఎమ్మెల్యే ఏం అడిగారో చదివారా అని కూడా అడుగు. విధానసభ వెబ్‌సైట్‌లో ప్రశ్నలూ జవాబులూ పెడతారు, ఎక్కువగా కన్నడంలోనే. మీ పిల్లలు బడిలో కన్నడం చదువుతుంటారు కదా, పక్కన కూర్చోబెట్టుకో.

తిరుపతి బస్సు సంగతి. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. అయితే నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా పెట్టిన ఖర్చే ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పటి బస్సు ఏ లెక్కలోకీ రాదు. స్వామిని చూసి వచ్చావు, సంతోషం. ఆ డబ్బు ఎక్కడిదని అడగడానికి మాత్రం మొహమాటపడకు.

ప్రశ్న: మేడమ్, మా ఏరియాలో ఒక అభ్యర్థి మీద అఫిడవిట్‌లో నాలుగు కేసులున్నాయి. అవన్నీ రాజకీయంగా పెట్టించినవే అంటున్నారు. నమ్మొచ్చా?
ఒక ఆటో డ్రైవర్, రామమూర్తినగర్

జవాబు: తమ్ముడూ, కేసులు ఎన్ని అన్నది వదిలెయ్, సెక్షన్లు చూడు. బంద్‌లోనో ధర్నాలోనో కూర్చుంటే పెట్టేది పాత ఐపీసీ 143, అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడడం. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 189. నీళ్ల కోసం రోడ్డెక్కిన మనిషి మీద అలాంటివి నాలుగున్నా నేను భయపడను. 420 ఉంటే వేరే సంగతి, అది మోసం. కొత్త చట్టంలో 318. సైట్లు అమ్ముతామని డబ్బు తీసుకున్న కేసులు తరచుగా అందులోనే ఉంటాయి. ఆడవాళ్ల మీద దౌర్జన్యం కేసు ఒక్కటున్నా నేనైతే ఇంకేమీ చదవను.

తర్వాత చూడాల్సింది కోర్టు అభియోగాలు ఖరారు చేసిందా లేదా అన్నది. ఫారంలో దానికి వేరే గడి ఉంటుంది. పోలీసులు ఫిర్యాదు రాసుకోవడం ఒకటి, జడ్జి కాగితాలు చూసి విచారణ జరగాల్సిందేనని చెప్పడం ఇంకొకటి. రెండో దశ దాటిన కేసును రాజకీయ కేసు అని కొట్టిపారేయడం అంత సులువు కాదు.

ఇంకో పని చెయ్యి. 2018 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కేసులున్న అభ్యర్థి వాటి వివరాలను ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటించాలి. 2020లో కోర్టు పార్టీలకు కూడా ఒక నిబంధన పెట్టింది: కేసులు లేని మనిషిని కాదని ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారో కారణం రాయాలి. గెలిచే అవకాశం ఉందన్నది ఒక్కటే కారణం కాకూడదు. ఆ కారణాలు చదివితే నాకు కడుపు మండుతుంది. ఏళ్లుగా ప్రజాసేవలో ఉన్నారు, ప్రజాదరణ ఉంది, ఇలాంటి మాటలే పేరు మార్చి అందరికీ రాసేస్తారు. మీ అభ్యర్థి గురించి పార్టీ ఏం రాసిందో నువ్వు చదివి, ఆటో స్టాండులో మిగతావాళ్లకు వినిపించు.

ప్రశ్న: అక్కా, మన తెలుగువాడు నిలబడితే తెలుగువాళ్లమంతా ఆయనకే వేయాలని మా సంఘంలో పెద్దలు చెబుతున్నారు. మీ అభిప్రాయం?
ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మాది బంగారపేట పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అదే కోలారు జిల్లాలోని క్యాసంబళ్లి నుంచి వచ్చిన కె.సి. రెడ్డి గారు 1947లో మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. జనం ఆయన వెంట నడిచింది ప్రజాప్రభుత్వం కావాలని మైసూరు చలో ఉద్యమం నడిపినందుకు. మీ అభ్యర్థి ఏం నడిపారు? తెలుగు పిల్లల చదువు గురించి నిజంగా పట్టింపు ఉంటే, ప్రాథమిక పాఠశాలలో ఫలానా భాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతపెట్టకూడదని 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులోనే చెప్పిన సంగతి ఆయనకు తెలిసి ఉండాలి. దాని తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో చెప్పాలి. ఉగాదికి పంచె కట్టుకుని వచ్చి నాలుగు తెలుగు మాటలు మాట్లాడితే సంతోషంగా వినండి. ఓటు అడిగినప్పుడు, పక్కింటి తమిళ కుటుంబానికీ ఎదురింటి కన్నడ కుటుంబానికీ ఏం చేస్తారో కూడా అడగండి. నీళ్ల ట్యాంకరు ముందు మీరంతా ఒకే వరుసలో నిలబడేవాళ్లే.

ప్రశ్న: నా ఓటు చిత్తూరు దగ్గర మా ఊళ్లో ఉంది. ఇక్కడ అద్దెకుంటున్నాను. రెండు చోట్లా పెట్టుకోవచ్చా?
ఒక ఉద్యోగి, కె.ఆర్.పురం

జవాబు: కుదరదు బాబూ, చట్టం ఒప్పుకోదు. దరఖాస్తులో అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు పడొచ్చు. సొంత ఇల్లు ఉండాలన్న నియమం లేదు, మామూలుగా నివసించే చోటు ఇదైతే చాలు. ఫారం 8 నింపి, రిజిస్టరైన అద్దె ఒప్పందం గానీ గ్యాస్ బిల్లు గానీ జత చేస్తే ఓటు ఇక్కడికి మారుతుంది. ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. నామినేషన్ల చివరి తేదీ దగ్గర పడ్డాక పరుగెత్తితే పేరు జాబితాలోకి ఎక్కదు, ఈ వారమే పెట్టెయ్.